కోట కింద ఊళ్ళు: జమ్మలమడుగు చుట్టూ రేనాటి దారుల్లో

జమ్మలమడుగు పేరెత్తగానే అందరూ గండికోట అంటారు. లోయ అంచున ఫొటోలు, డ్రోన్ వీడియోలు, టెంట్లలో రాత్రి బస. ఇప్పుడు ఆ ఊరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఇవే కావాలి. నాకు మాత్రం ఆ కోట లేనప్పుడు ఇక్కడ ఎవరున్నారు, ఎట్లా బతికారు, ఏం రాసిపెట్టి పోయారు అన్నది చూడాలని ఎన్నాళ్ళుగానో ఉంది.

పటంలో చూస్తే సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. పడమటి నుంచి వచ్చే పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుని గండికోట దగ్గర బయటపడుతుంది. కొండలు దిగగానే జమ్మలమడుగు. అక్కడి నుంచి ఉత్తరానికి, తూర్పుకు కుందూ నది దాకా నల్లరేగడి నేల. శాసనాలు ఈ నేలనే రేనాడు అన్నాయి, అదీ రేనాడు ఏడువేలు అని అంకెతో కలిపి. ఏడువేలంటే ఊళ్ళ సంఖ్యా, ఆదాయపు లెక్కా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మా మేనమామ బడిలో సోషల్ చెప్పి రిటైరై జమ్మలమడుగులోనే ఉంటాడు. బైకు ఆయనది, పెట్రోలు నాది అని ఫోన్లోనే ఒప్పందం కుదిరింది. సంక్రాంతి వెళ్ళాక బయలుదేరాను.

శుక్రవారం: ఎర్రగుడి

నేరుగా జమ్మలమడుగు పోకుండా గుత్తిలో దిగాను. స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని పత్తికొండ బస్సెక్కితే ఎర్రగుడి ఎంతో దూరం లేదు. గుత్తి అనంతపురం జిల్లా, ఎర్రగుడి కర్నూలు జిల్లా. ఊరు దాటాక రోడ్డుకు కాస్త పక్కగా గుండ్ల గుట్ట ఒకటి ఉంది. ఆ గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలు, వాటితోపాటు చిన్న శాసనాలు కూడా ఒకేచోట ఉండటం దేశంలో అరుదు. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడేదాకా వీటి సంగతి బయటి ప్రపంచానికి తెలియదు.

ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు చూడాలి ఈ రాతను. పది దాటితే అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, వాటి కిందివి కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, మడక దున్నేటప్పుడు గెనెం దగ్గర ఎద్దుల్ని తిప్పినట్టు. అశోకుడి శాసనాల్లో ఇలాంటి రాత చాలా అరుదు. చెక్కినవాడు ఎందుకు అట్లా చెక్కాడో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. చెక్కేవాడికి విసుగొచ్చి ఉంటుందని నా అనుమానం.

శాసనంలో చెప్పిన సంగతులు మనకు తెలిసినవే. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి. నన్ను ఆపింది వాటిని జనానికి చేర్చే పద్ధతి. రాజు రజ్జుకుడనే అధికారికి ఆజ్ఞ ఇస్తాడు, రజ్జుకుడు భేరి మోగించి జనపదంలో వాళ్ళకు చెప్తాడు. ఏనుగు మావటీలకు, లేఖకులకు, రథం తోలేవాళ్ళకు, బ్రాహ్మణులకు చెప్పి వాళ్ళ ద్వారా మిగతావాళ్ళకు నేర్పించాలని కూడా ఉంది. పక్కనున్న జొన్నగిరే మౌర్యుల దక్షిణాది కేంద్రమైన సువర్ణగిరి అని చాలామంది పండితుల అభిప్రాయం. బంగారు నేల కాబట్టి నమ్మబుద్ధవుతుంది.

రాత మాత్రం ప్రాకృతంలో ఉంది, బ్రాహ్మీ లిపిలో. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంట్లో ప్రాకృతం మాట్లాడేవాళ్ళు ఎందరుండి ఉంటారు? భేరి మోగాక ఆ ఆజ్ఞను ఎవరో ఒకరు ఊరి మాటలోకి తిప్పి చెప్పే ఉంటారు. ఆ చెప్పిన మాటలు గాలిలో కలిసిపోయాయి. ఊరి మాట రాతి మీదికి ఎక్కడానికి ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్ళు పైనే పట్టింది. అది ఎక్కిన చోటు ఇక్కడికి ఒక్కపూట ప్రయాణం.

గుత్తి, తాడిపత్రి మీదుగా బస్సులు మారి జమ్మలమడుగు చేరేసరికి చీకటి పడింది. అత్త సంగటి, శెనక్కాయల ఊరుబిండి పెట్టింది. "రాళ్ళు సూసేదానికి రైలెక్కి వచ్చినోన్ని నిన్నే సూస్తాండాప్పా," అన్నాడు మామ. రేపటి ప్లాను మాత్రం ఆయనే వేశాడు.

శనివారం: గండికోట, మైలవరం

కోటకు పోకుంటే మామ ఊరుకోడు. పదిహేను కిలోమీటర్లు. లోయ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, అందరూ చూసిందే. ఫొటోల్లో కంటే బాగుంటుంది.

కోట చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1123లో కాకరాజు అనే సామంతుడు ఇక్కడ మట్టికోట కట్టించాడని కైఫియత్తు, అంటే ఊరి చరిత్ర రాసిపెట్టిన పాత దస్త్రం, చెప్తుంది. ఇప్పుడు మనం చూసే గోడలు, మాధవరాయ ఆలయం, రంగనాథాలయం విజయనగర కాలానివి, పెమ్మసాని నాయకుల నాటివి. జామియా మసీదు వాళ్ళ తర్వాత వచ్చింది. వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను ఇక్కడే కలిశాడు. కాకరాజు కథను నమ్మినా సరే, కోటకు వయసు తొమ్మిది వందల ఏళ్ళు. నేను చూడాలనుకుంటున్న మనుషులు దానికి అయిదారు వందల ఏళ్ళ ముందువాళ్ళు.

తూర్పు వైపు బురుజు మీద నిలబడితే మైదానం అంతా కనబడుతుంది. మైలవరం చెరువు నీళ్ళు, వాటి అవతల శెనగ చేలు, ఇంకా దూరంగా నాపరాయి గనుల తెల్లటి గుట్టలు. కొండ మీద శత్రువుకు చిక్కకుండా ఉండొచ్చు గానీ తిండి పండేది కింద. నది మూడు వందల అడుగుల లోతున ఉంది. కోట కాపలాకు వేలమంది సైన్యం, వాళ్ళకు గ్రాసం పంపడానికి పెద్ద రాజ్యం ఉన్నప్పుడే ఈ కొండకు అర్థం. అవేవీ లేని చిన్న రాజులు మైదానంలో, చేల మధ్య ఊళ్ళలోనే ఉండి ఉంటారు. వాళ్ళ రాళ్ళన్నీ అక్కడే దొరికాయి.

దిగేటప్పుడు మైలవరం ఆనకట్ట దగ్గర మ్యూజియంలో ఆగాం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తెచ్చిన శిల్పాలున్నాయి. మేమిద్దరమే సందర్శకులం. ఉన్నంతలో శుభ్రంగా ఉంచారు. ఏ విగ్రహం ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంకాస్త వివరంగా రాసిపెడితే బాగుండేది. ఊరు తెలియకపోతే శిల్పం అందంగా ఉందనడం తప్ప దాన్నుంచి తెలుసుకునేది తక్కువ.

సాయంత్రం ముద్దనూరు దిక్కు పోయి చింతకుంట గుండ్లు చూడాలనుకున్నాం. అక్కడి రాతి గుహల్లో ఎరుపు, తెలుపు రంగుల్లో జింకలు, మూపురం ఎద్దులు, మనుషుల బొమ్మలున్నాయి, అక్షరం పుట్టకముందువి. పొద్దుగూకుతోందని మామ వద్దన్నాడు. ఆయన మాట విన్నాను.

ఆదివారం: పెద్దముడియం

జమ్మలమడుగుకు ఉత్తరాన, కుందూ వైపు పోయే దారిలో పెద్దముడియం. ఇప్పుడు మండల కేంద్రం. బస్టాండు, ఎరువుల అంగళ్ళు, టీ బంకు, రోడ్డు మీద ఎండబెట్టిన కందులు. దారి పొడుగునా నల్లరేగడిలో శెనగ కాయ పట్టి ఉంది. మామ బండి ఆపి తెలిసినాయన చేలో రెండు చెట్లు పీక్కొచ్చాడు. పచ్చి శెనగలు ఒలుచుకుంటూ ఊళ్ళోకి దిగాం.

ఈ ఊరి పాత పేరు ముడివేము. ఈ పేరు చాళుక్యుల పుట్టుక కథలో వస్తుంది. 1018 ప్రాంతంలో వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడు ఇచ్చిన రణస్తిపూండి శాసనంలో ఉన్న కథ ఇది. అయోధ్య నుంచి విజయాదిత్యుడనే రాజు దక్షిణాదిని గెలవడానికి వచ్చి, త్రిలోచన పల్లవుడితో పోరి చనిపోతాడు. గర్భిణి అయిన రాణి పురోహితులతో, మంత్రులతో కలిసి ముడివేము అగ్రహారం చేరుకుంటుంది. అక్కడ విష్ణుభట్ట సోమయాజి అనే బ్రాహ్మణుడు ఆమెను కన్నకూతురిలా కాపాడతాడు. పుట్టిన పిల్లవాడికి విష్ణువర్ధనుడని పేరు పెడతారు. వాడు పెరిగి పెద్దై, చాళుక్య గిరి మీద నందా భగవతిని కొలిచి, రాజ చిహ్నాలు సంపాదించి దక్షిణాపథాన్ని ఏలుతాడు.

చరిత్రకారులు దీన్ని కల్పిత కథగానే చూస్తారు. బాదామిలో చాళుక్యులు నిలదొక్కుకున్నాక అయిదు వందల ఏళ్ళకు వేంగిలో అల్లిన కథ. మామకు మాత్రం ఇందులో ఒక ప్రశ్న దొరికింది. "కథ అల్లినోళ్ళు వేంగిలో ఉండి, ఊరు మాత్రం ఇంత దూరాన ముడివేమునే ఎందుకు పెట్టుకున్నారు? కాశీ పెట్టుకోవచ్చు, కంచి పెట్టుకోవచ్చు." మంచి ప్రశ్న. ముడివేము అప్పటికే పేరున్న పాత అగ్రహారం అయి ఉండాలి, వినేవాళ్ళు తలూపాలంటే. పైగా ఇది పల్లవులకు, చాళుక్యులకు మధ్యనున్న నేల. ఇటు కంచి, అటు బాదామి. చాళుక్య పల్లవ వైరం గురించి కథ కట్టేవాడికి ఇంతకంటే తగిన చోటు లేదు.

త్రిలోచన పల్లవుడే మన కైఫియత్తుల్లో కనబడే ముక్కంటి కాడువెట్టి. కడప, కర్నూలు ఊళ్ళ చరిత్రలు చాలా ఆయనతోనే మొదలవుతాయి. అడవి కొట్టించాడు, బ్రాహ్మణుల్ని పిలిపించాడు, అగ్రహారాలిచ్చాడు అని. ఊళ్ళో ముక్కంటీశ్వరుడి పేరున గుడి ఉంది. మేం పోయినప్పుడు పూజారి లేడు. పక్కింటి ముసలామె తాళం తెప్పించి, "యాడ నుంచి వచ్చినారు నాయనా, కుచ్చోండి," అని మజ్జిగ ఇచ్చింది. గుడిని చాలాసార్లు బాగుచేశారు. సున్నం పూతల కింద పాత రాయి ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

ఈ ఊరికి చరిత్రలో అసలైన పేరు తెచ్చింది ఒక చిన్న రాతి పలక. వినాయకుడు, బ్రహ్మ, నరసింహుడు, శివలింగం, విష్ణువు, మహిషాసురమర్దని, శ్రీవత్స రూపంలో లక్ష్మి, ఇంకా ఉమామహేశ్వరులు, అందరూ ఒకే పలక మీద వరసగా ఉంటారు. చాలామంది దీన్ని క్రీ.శ. 4, 5 శతాబ్దాల నాటిదంటారు. మన దగ్గర రాతిగుళ్ళు ఇంకా లేని కాలం. తర్వాత వెయ్యేళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో గుడి, ఒక్కో క్షేత్రం, ఒక్కో మతం ఏర్పడ్డాయి. ఆ దేవుళ్ళందరూ ఇందులో జానెడు జాగాలో సర్దుకున్నారు. నరసింహుడు ఇక్కడ ఉగ్రరూపంలో హిరణ్యకశిపుణ్ణి చీల్చడం లేదు, ఊరికే ఉన్నాడు. అహోబిలం ఇక్కడికి పెద్ద దూరమేమీ కాదు. ఈ ప్రాంతంలో ఆ దేవుడి పాత రూపం ఎట్లా ఉండేదో ఈ పలక చెప్తుంది.

ఆ పలక ఊళ్ళో లేదు, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అప్పట్లో కడప మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది కాబట్టి దొరికినవన్నీ అక్కడికే పోయాయి. పోవడం వల్లే మిగిలాయి అనేవాళ్ళూ ఉన్నారు, ఆ మాటా కాదనలేం. కానీ పెద్దముడియం బస్టాండులో టీ తాగుతున్న ఇంటర్ పిల్లల్ని అడిగితే, తమ ఊరి పేరుతో అట్లాంటి పలక ఉందని ఒక్కరికీ తెలియదు. ఫోన్లో బొమ్మ చూపించాను. ఒకడు దాన్ని వెంటనే తన ఫోన్‌కు పంపించుకుని స్టేటస్ పెట్టాడు. బడి గోడ మీద ఆ పలక బొమ్మ పెద్దదిగా ఒకటి వేయించడానికి ఎంతవుతుంది? మామ ఆ లెక్కే వేస్తూ బండి నడిపాడు.

సోమవారం: దానవులపాడు

జమ్మలమడుగు దగ్గర్లోనే పెన్న ఒడ్డున దానవులపాడు. జనవరిలో పెన్న అంటే ఇసుక, అక్కడక్కడా మడుగులు, రెల్లు. 1903 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ ఇక్కడ ఇసుక దిబ్బ తవ్విస్తే పెద్ద ఇటుకలతో కట్టిన గది, అందులో నిలువెత్తు పార్శ్వనాథుడు బయటపడ్డాడు. ఇది జైన క్షేత్రం.

ఇక్కడి శాసనాలు రాష్ట్రకూటుల నాటివి. నిత్యవర్షుడు, అంటే మూడవ ఇంద్రుడు, శాంతినాథుడి అభిషేకం కోసం పీఠం చేయించాడని ఒక దాంట్లో ఉంది. 10వ శతాబ్దం మొదట్లో పట్టానికి వచ్చిన రాజు ఆయన. ఎక్కడ వాళ్ళ రాజధాని మాన్యఖేటం, ఎక్కడ పెన్న ఒడ్డు! ఇంకో స్తంభం ఆయన సేనాపతి శ్రీవిజయుడిది. అనుపమ కవి అని ఆయనకు బిరుదు. యుద్ధాలు చేసి, పద్యాలు చెప్పి, చివరికి అన్నీ వదిలి సన్యాసం పుచ్చుకున్నాడని ఆ స్తంభం చెప్తుంది. ఉపవాసంతో దేహం విడిచినవాళ్ళ నిషిధి రాళ్ళు కూడా ఇక్కడ దొరికాయి. వాటిలో వర్తకుల పేర్లున్నాయి. ఏనుగుల్ని నడిపిన సేనాపతికీ, మూటలు మోయించిన వర్తకుడికీ ఒకే ఇసుకలో ఒకే రకం రాయి.

ఇప్పుడు చూడటానికి ఇక్కడ మిగిలింది కొద్దే. మంచి శిల్పాలు ఇక్కడివి కూడా మద్రాసుకే పోయాయి. కొంచెంసేపు తిరిగి ఒడ్డున చింతచెట్టు కింద కూర్చున్నాం. ఒక గొర్రెలాయన వచ్చి మామతో వానల గురించి, పొట్టేళ్ళ ధర గురించి మాట్లాడాడు. జైనులు ఇక్కడ ఎట్లా ఉండేవాళ్ళని నేనడిగితే, "మా తాత కాలానికే లేరు సార్," అన్నాడు.

మంగళవారం: కలమళ్ళ, చిలమకూరు

నా వరకు ప్రయాణమంతా ఈ రోజు కోసమే. జమ్మలమడుగు నుంచి ఎర్రగుంట్ల వైపు పోతుంటే దూరం నుంచే పొగ గొట్టాలు కనబడతాయి. రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు. దాని పక్క ఊరే కలమళ్ళ. బొగ్గు బూడిద తోలే లారీల వెనక నడిపి నడిపి మామ బండి, మా ఇద్దరి మొహాలు ఒకే రంగుకు వచ్చాయి.

ఊళ్ళో చెన్నకేశవాలయం, దాంతోపాటు సిద్ధేశ్వరాలయం ఉన్నాయి. ఈ గుడి ఆవరణలోని విరిగిన రాతి స్తంభం మీద రాత, ఇప్పటిదాకా దొరికినవాటిలో పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనం. అందులో తేదీ లేదు. అక్షరాల తీరును బట్టి క్రీ.శ. 575 ప్రాంతమని నిర్ణయించారు. 2008 అక్టోబరు 31న తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు అందరూ తలుచుకున్న రాయి ఇదే. లిపి అప్పటికి తెలుగు, కన్నడాలకు ఒకటే.

చదవగలిగిన వరసలు ఇవి: "...కల్ముతురాజు ధనంజయుదు రేనాణ్డు ఏళన్ చిఱుంబూరి రేవణకాలు పంపు చెనూరు కాజు..." రేనాటి చోళుల్లో ఒకడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుతుండగా, చిఱుంబూరు వాడైన రేవణుడి పంపున, అంటే ఆజ్ఞతో, ఏదో దానం జరిగింది. ఆ తర్వాత రాయి విరిగిపోయింది. చివర్లో మళ్ళీ కొన్ని అక్షరాలు దొరుకుతాయి. ఈ దానాన్ని చెరిచినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయని శాపం.

మామ రెండుసార్లు చదివించుకుని, "ఇదేందప్పా, మన పంచాయతీ కాయితం మాదిరే ఉంది," అన్నాడు. నిజమే. ఇందులో కవిత్వం లేదు, రాజుగారి పొగడ్తలు లేవు. ఎవరు ఏలుతున్నారు, ఎవరి ఆజ్ఞ, ఏ ఊరు, చెడగొడితే ఏమవుతుంది. అంతే.

ఇదే రాజు శాసనం ఇంకొకటి పాత కమలాపురం తాలూకాలోని ఎర్రగుడిపాడులో దొరికింది. అది ఇంకా స్పష్టంగా ఉంటుంది. కుండికాళ్ళు అనే వ్యక్తి పేరు వస్తుంది, కొట్టము బ్రాహ్మణుడికి పన్నస, అంటే దానభూమి, ఇచ్చిన సంగతి వస్తుంది. దుజయరాజుల ముత్తురాజులు, నవప్రియ ముత్తురాజులు, వల్లవ దుకరజులు సాక్షులని ముగ్గురి పేర్లు వస్తాయి. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, సాక్షులు. ఈనాటి రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూడా అడిగేది వీళ్ళనే.

ఇప్పుడు ఈ రాళ్ళ పక్కన మాలేపాడు రాగిరేకులు పెట్టి చూడాలి. అవీ కమలాపురం తాలూకావే, ఇచ్చినవాడు ఈ ధనంజయుడి మనుమడు పుణ్యకుమారుడు. అవి సంస్కృతంలో ఉన్నాయి. అందులో వంశం కరికాల చోళుడితో మొదలవుతుంది. నందివర్మకు ముగ్గురు కొడుకులు సింహవిష్ణు, సుందరనందుడు, ధనంజయుడు. ధనంజయుడి కొడుకు మహేంద్రవిక్రముడు చోళ, పాండ్య, కేరళాలకు అధిపతి. పుణ్యకుమారుడికి పోర్ముఖరాముడు, పురుషశార్దూలుడు, మార్పిడుగు అని బిరుదులే బిరుదులు. సింహవిష్ణు, మహేంద్ర అన్నవి అప్పటి కంచి పల్లవ రాజుల పేర్లు కూడా. పెద్ద ఇంటివాళ్ళ పేర్లు పిల్లలకు పెట్టుకున్నారన్నమాట. మామ పడీపడీ నవ్వాడు. "రేనాట్లో ఉండి పాండ్య దేశం, కేరళ దేశం ఏలినారా! ఈడ జమ్మలమడుగు రోడ్డు బాగు చేసుకుంటే సాలదా?"

నవ్వాక ఆలోచిస్తే, ఒకే కుటుంబం రెండు రకాలుగా రాయించింది. దానం పుచ్చుకున్న పండితుడు పెట్టెలో దాచుకునే రాగిరేకు మీద సంస్కృతం, పురాణ వంశం, బిరుదులు. ఊరి మధ్య, చేను గట్టున నిలబెట్టే రాతి మీద తెలుగు. రాగిరేకు చదివేవాడు పండితుడు, లేదా రేపు ఈ నేలకు వచ్చే ఇంకో రాజు. రాయి పక్కన పొలం దున్నేవాడు ఊరివాడు. హద్దు జరపగలిగేది వాడే కాబట్టి వాడికి అర్థమయ్యేటట్టు చెప్పాలి. తెలుగు మీద ప్రేమతో ధనంజయుడు ఇట్లా రాయించాడని సభల్లో చెప్తుంటారు. నాకైతే దీంట్లో ప్రేమకంటే అవసరం ఎక్కువ కనబడుతోంది. అది మన భాషకు తక్కువేమీ కాదు.

ఆ అవసరం ఎట్లాంటిదో చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ రాతల్లో కొంత తెలుస్తుంది. 640 ప్రాంతంలో ధాన్యకటకం (ఇప్పటి అమరావతి ప్రాంతం) నుంచి నైరుతిగా వెయ్యి 'లీ'ల (చైనా దూరపు కొలత) దూరంలో 'చూళియ' దేశం ఉందని ఆయన రాశాడు. చాలామంది చరిత్రకారులు దాన్ని ఈ రేనాటి చోళుల రాజ్యంగానే గుర్తించారు. జనం తక్కువ, అడవులు, చిత్తడి నేలలు ఎక్కువ, దొంగలు బాహాటంగా తిరుగుతారు, వేడి దేశం, మనుషులు మొరటు అని ఆయన మాట. మొరటు అన్న దగ్గర మామకు కోపం వచ్చింది. వేడి దేశం అన్నదాన్ని ఒప్పుకున్నాడు. బౌద్ధ విహారాలు పాడుపడి ఉన్నాయని కూడా రాశాడు ఆ యాత్రికుడు.

అడవి కొట్టి కొత్తగా సాగులోకి తెస్తున్న నేల, దారుల్లో దొంగలు, ఉత్తరాన చాళుక్యులు, దక్షిణాన పల్లవులు. మధ్యలో కొండ మీద కోట లేని చిన్న రాజు. ఆయన ఇచ్చిన దానం ఆయన తర్వాత నిలవాలంటే చేతిలో ఉన్నవి రెండే: పదిమందికి తెలిసిన సాక్షులు, అందరూ భయపడే శాపం. రెండూ పనిచేయాలంటే ఊరి భాషలో ఉండాలి. శనివారం చూసిన గండికోట గోడలు చేసిన పని, అంతకు అయిదారు వందల ఏళ్ళ ముందు ఈ పంచమహాపాతకాలు చేశాయి. ఎంతవరకు చేశాయంటే చెప్పడం కష్టం. శాపం ఎంత గట్టిదైనా రాయి విరగనే విరిగింది.

కలమళ్ళ నుంచి చిలమకూరు పోయాం, అదీ ఎర్రగుంట్ల మండలమే. శాసనంలోని చిఱుంబూరు ఇదేనంటారు. అట్లయితే పదిహేను వందల ఏళ్ళ నాటి రేవణుడి సొంతూరు ఇదే. ఇక్కడ అగస్త్యేశ్వరాలయం ఉంది, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో. రేనాటి చోళుల తర్వాతి తరాల శాసనాలు ఈ ఊళ్ళో దొరికాయి. వాటికి వచ్చేసరికి రాజులు చోళమహారాజు అని పిలిపించుకుంటున్నారు, విక్రమాదిత్యుడు లాంటి చాళుక్యుల పేర్లు పెట్టుకుంటున్నారు. తాతల కాలంలో పల్లవుల పేర్లు, మనుమల కాలంలో చాళుక్యుల పేర్లు. గాలి ఎటు వీస్తోందో పేర్లను బట్టే తెలిసిపోతుంది. రేనాడు ఏడువేలుతోపాటు సిద్ధవటం వైపున్న సిద్ధి వేయి కూడా వాళ్ళ కిందికి వచ్చింది. 9వ శతాబ్దానికి రేనాడు వైదుంబుల చేతికి పోయింది. గండత్రినేత్రుడు అనే వైదుంబ రాజు రేనాడు ఏడువేలు ఏలాడని శాసనాలున్నాయి. బాణులతో, నొలంబులతో పోట్లాటల కాలం అది. ఆ పోట్లాటల్లో చనిపోయినవాళ్ళకు నిలబెట్టిన వీరగల్లులు చూడాలంటే ఇంకా దక్షిణానికి, మదనపల్లె దిక్కు పోవాలి.

గుడి మెట్ల మీద కూర్చుని అత్త కట్టిచ్చిన జొన్నరొట్టెలు తిన్నాం. మామ శాసనం పాఠం ఉన్న కాగితాన్ని నా దగ్గర తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తాను పనిచేసిన బడిలో పిల్లల చేత గోడ మీద రాయిస్తానన్నాడు, ఉన్నదున్నట్టు, ఆ పాత 'ఱ'తో సహా. హెడ్మాస్టరు ఒప్పుకుంటాడా అంటే, "నా దగ్గర సదువుకున్నోడే గదా, ఒప్పుకోక యాడికి పోతాడు," అన్నాడు.

నన్ను ఎర్రగుంట్ల స్టేషన్లో దింపి ఆయన వెనక్కి పోయాడు. ఈ దారి పట్టాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. ఎర్రగుంట్లలో దిగితే కలమళ్ళ, చిలమకూరు ఒక్కపూటలో చూడొచ్చు, ఆటో ముందే మాట్లాడుకోవాలి. నంద్యాల లైను మీద జమ్మలమడుగుకు కూడా స్టేషను ఉంది, కానీ రైళ్ళు తక్కువ, బస్సే నయం. గుళ్ళకు ఉదయం తొమ్మిదిలోపు పోతే పూజారులు దొరుకుతారు. పెద్దముడియం పలకను, దానవులపాడు విగ్రహాలను చెన్నైలో చూసి వస్తే ఆ ఊళ్ళు ఇంకా బాగా అర్థమవుతాయి. మార్చి దాటాక మాత్రం వెళ్ళొద్దు. హ్యూయెన్ త్సాంగ్ ఆ విషయంలో అబద్ధం చెప్పలేదు.